గేదె తాగేసిన గెడ్డ

గెడ్డ ఎండిపోవడం మా అదృష్టమండీ! నవ్వకండి. నాలుగో క్లాసుతో బడి మానేసినవాడి మాట కదా అని కొట్టిపారెయ్యకండి.

కొండల మీంచి దిగి మా చోడవరం పక్కనుంచి పోయే ఈ గెడ్డ ఒకప్పుడు ఎండాకాలంలో కూడా మోకాలి లోతున పారేది. వడ్డాది సంతకి వెళ్లాలంటే పంచె ఎగ్గట్టాలి, చెప్పులు చంకలో పెట్టుకోవాలి. ఎంత నామోషీ! ఇప్పుడో? ఇస్త్రీ మడత నలక్కుండా గెడ్డ నడిమధ్యనుంచి దర్జాగా నడిచిపోతున్నాం. అర్జీ పెట్టకుండానే మాకు రోడ్డు శాంక్షనైపోయింది!

ఈ రోడ్డు మీద రోజూ లారీలే. ఎక్కేటప్పుడు ఖాళీగా, దిగేటప్పుడు దుంగలతో. కొండకి క్షవరం జరుగుతోందన్నమాట. దానికి మాత్రం చల్లగా ఉండొద్దూ? వాన పడిందా, ఆ బోడిగుండు మీంచి జర్రున జారి, పొద్దున్న మా ఇళ్లు ముంచేసి, సాయంత్రానికి సముద్రంలో పడుతోంది. ఏడాది నీళ్లు ఒక్క పూటలో! ఎక్స్‌ప్రెస్ బస్సుకైనా ఉందా ఈ స్పీడు?

ఇక నా అరెకరం చెరుకు. ఒక్క తడి అందితే బతుకుతుంది. అందలేదు. ఇదీ మంచికే! బెల్లానికి గానుగాడాలి, రసం కాచాలి, పొయ్యి దగ్గర మాడి చావాలి. నా చెరుకు రసాన్ని సూర్యుడే చేలో నిలబెట్టి కాచేస్తున్నాడు. ఇంకొన్నాళ్లు ఆగితే గడలకి బెల్లం దిమ్మలు వేలాడతాయని ఎదురు చూస్తున్నాను.

మా ఆవిడ నరసమ్మకి ఈ అభివృద్ధి అర్థం కాదు. మొన్న పోలి పాడ్యమికి, చేనుకి తడి అందాలని మొక్కుకుని, అరటి దొప్పలో దీపం పెట్టి గెడ్డలో వదుల్తానంది. వదలడానికి నీళ్లేవీ? వీధిలో ఆడవాళ్లంతా బావినీళ్లు బిందెలతో మోసుకెళ్లి, ఇసకలో గొయ్యి తీసి పోశారు. గెడ్డకి నీళ్లు మోసిన ఊరు భూప్రపంచంలో మాదొక్కటే! దీపాలు తేలాయి. ఎటూ పోలేదు. నిలబడి మా మొహాలే చూశాయి.

ఇంతలో మా వీధి పరదేశిగాడి గేదె వచ్చి మూతి పెట్టింది. దీపాలు బురదలో కూర్చున్నాయి.

"ఒరే పరదేశీ! నీ గేద గెడ్డ తాగీసిందిరా!" అని గోలెత్తింది పక్కింటి అచ్చియ్యమ్మ.

"మరేటి సేస్తాదప్పా? నిన్నట్నించీ దానికి కుడితే నేదు," అన్నాడు వాడు.

ఇదీ లాభమే! గెడ్డ ఎండడానికి కారణం గేదె అని ఆఫీసర్లు హాయిగా రిపోర్టు రాసుకోవచ్చు.

అప్పుడే దుంగల లారీ ఒకటి దిగొచ్చి మా ముందే ఆగిపోయింది. రేడియేటరు ఆవిర్లు కక్కుతోంది. చెరుకు మొదళ్లలో పోద్దామని నరసమ్మ సగం బిందె దాచుకుంది. డ్రైవరు కన్ను దాని మీద పడింది.

"అమ్మా, ఇంజను కాలిపోతంది. ఆ నీల్లిలా పొయ్యమ్మా, పున్నెముంటాది."

నరసమ్మ బిందె ఇంకో చంకకి మార్చుకుని, దుంగల్ని కిందనుంచి పైదాకా చూసింది.

"మా గెడ్డనంతా లారీ కెక్కించీసి, మల్లీ నన్నడుగుతావేటి బాబూ? ఆ దుంగల్ని పిండుకో!"

చూశారా, దేశాభివృద్ధికి ఆడవాళ్లు ఎలా అడ్డుపడతారో! నేను అలాంటివాణ్ణి కాను. ఆవేళ నుంచీ చెంబు పట్టుకుని, దిగొచ్చిన ప్రతి లారీ వెనకాలా మర్యాదగా నడుస్తున్నాను. ఏ దుంగ చివరనుంచైనా ఓ చుక్క రాలకపోతుందా, నా చెరుక్కి తడి అందకపోతుందా అని!