కాళ్లకు మొక్కిన లెన్సు

ఆ ఆదివారం పెద్దమునియప్ప పథకం చిన్నదే. పొద్దున లెన్సు కొనాలి, మధ్యాహ్నం ఫొటో తీయించాలి, సోమవారం దాన్ని కొట్టు యజమాని సాహుకారు మొహాన కొట్టాలి. కాటన్‌పేట అద్దకం కొట్టులో రంగునీళ్లు తొక్కి తొక్కి కూలీల పాదాలు పుండ్లు పడుతున్నాయి. తోలు జోళ్లు ఇమ్మని సంఘం అడుగుతోంది. అవి వచ్చేదాకా తానూ కాళ్లకు ఏమీ తొడగనని నాయకుడు పెద్దమునియప్ప సభలో ఒట్టేశాడు. ఆ ఒట్టుకు కరిగిపోయి పిల్లమ్మ అనే కూలీ తన పుండ్లకు పూసుకునే ఆముదంలో సగం రోజూ ఆయనకే పోస్తోంది.

ఫొటోలు తీసే వెంకటరమణ పాత లెన్సు చిట్లింది. సంఘం కొత్తది కొనిస్తే ఫొటో ఊరికే తీస్తానన్నాడు. అంగట్లో రెండు చూపించారు. ఒకటి పలచటి రేకు గొట్టం, చవక. రెండోది ఇత్తడిది, ధర రెట్టింపు.

"చవకది చాలప్పా. అద్దం రెండింట్లోనూ ఒకే మాదిరి ఉండాది. నా కెమెరా ముసల్ది, ఆ బరువు మోయదు."

పెద్దమునియప్ప ఇత్తడి లెన్సును చెంబులా చేత్తో తూచి, వేలి కణుపుతో కొట్టి ఖంగుమనిపించాడు.

"విన్నావా? సరుకంటే ఇదీ! కూలోళ్ల చందాతో డబ్బా రేకు కొనేదా? మోసేది కెమెరా, నీకేమి నొప్పి? సుమ్మనె నోరు మూసుకోని ఉండప్పా!"

మధ్యాహ్నానికి కొట్టు ముందు బండలు పెనంలా కాలుతున్నాయి. కూలీలు వట్టికాళ్లతో వరసగా నిలబడ్డారు. పెద్దమునియప్ప అందరికంటే ముందే వచ్చి, పంచె నేలకు జారవిడిచి, నడుమ కుర్చీలో కూర్చున్నాడు.

"నడుము పైకే తీయప్పా. తలెత్తిన మొగాలు కనపడాల!"

వెంకటరమణ అంతా సరిచూసి, ప్లేటు పెట్టి, కెమెరాకు వీపు తిప్పి, నొక్కితే ఫొటో పడే రబ్బరు బుడ్డి పట్టుకున్నాడు. "కదలొద్దండి. ఇట్ల చూడండి!"

"ఒక్క మాట," అని పెద్దమునియప్ప ఉపన్యాసం అందుకున్నాడు. ఒక్క మాట పెరిగింది. ఆవేశంలో కాలు మీద కాలేశాడు. ఈలోగా ఇత్తడి బరువుకు కెమెరాను బిగించిన మర సడలి, కెమెరా ముక్కు మెల్లగా కిందికి వంగింది.

"అప్పా, అది నీ కాళ్లకు మొక్కతాండాది!" అంది పిల్లమ్మ.

నిజాన్ని పొగడ్త అనుకోవడం నాయకుల జబ్బు. "మొక్కనీలే తల్లీ!" అన్నాడు. అందరూ గొల్లుమన్నారు. ఇంత కళ మళ్లీ రాదని వెంకటరమణ బుడ్డి నొక్కేశాడు.

మర్నాడు ఫొటో ఉన్న కవరు చేతికిస్తూ వెంకటరమణ నసిగాడు. "ఒకతూరి చూసుకో అప్పా..."

"చూసే కొన్నాను కదప్పా లెన్సును!"

పిల్లమ్మను వెంటబెట్టుకుని వట్టికాళ్లతో వెళ్లి, పెద్దమునియప్ప కవరులోంచి ఫొటో తీసి, చూడకుండానే సాహుకారు బల్ల మీద చరిచాడు. అందులో ఒక్క మొహమూ లేదు. పగిలి, ఉబ్బి, తోలు లేచిన పాదాలు వరసగా ఉన్నాయి. వాటి నడుమ ఒకే ఒక్క జత బూట్లు, కాలు మీద కాలేసుకుని నిగనిగలాడుతున్నాయి. బండలు కాలతాయని పంచె చాటున తొడుక్కొచ్చినవి.

సాహుకారు ఆ పాదాల వైపు చాలాసేపు చూశాడు. చివరికి చూపు తిప్పుకున్నాడు.

"సరే, అందరికీ కుట్టిస్తా. ఈ నడిమాయనకు అక్కర్లేదు కదా?"

పిల్లమ్మ ఇంకా బూట్లనే చూస్తోంది. "ఏం మెరుపప్పా! నా ఆముదం దేనికి పూస్తాంటివి?"

ఆ బూట్లకే పూశాడు. తల దించుకున్నాడు. దించితే తన నున్నటి పాదాలే కనిపించాయి.

తర్వాత వెంకటరమణ మర బిగిస్తుంటే లెన్సు జారి బండ మీద పడింది. గీత కూడా పడలేదు.