గ్రహణం నాడు కళ్ళ పరీక్ష

ఆ రోజు చేయాల్సిన పని చాలా చిన్నది. ఆఫీసు నుంచి ఒక గంట ముందు బయటపడి ఐదుకల్లా ఇల్లు చేరాలి, అంతే. ఇంత చిన్న పనిని మనిషన్నవాడు ఎంతగా చెడగొట్టుకోగలడో మ్యాపులాయనకు పొద్దున అప్పటికింకా తెలియదు.

ఆయన నీటి సరఫరా ఆఫీసులో ముప్పై ఏళ్ళుగా గుమాస్తా. నేల కింద ఏ పైపు ఎటు పోతోందో చూపించే పాత మ్యాపులన్నీ ఆయన బీరువాలోనే ఉంటాయి. చీమల బారు లాంటి వాటి అక్షరాలను చదవగలిగేది ఆఫీసు మొత్తానికి ఆయనొక్కడే. అందుకే అందరూ ఆయన్ని మ్యాపులాయన అనే పిలుస్తారు.

భార్య బడిలో సైన్సు టీచరు. ఇరవై ఆరేళ్ళుగా నల్లబల్ల మీద సూర్యగ్రహణం బొమ్మ గీస్తూనే ఉంది గాని, ఒక్క గ్రహణాన్నీ కళ్ళారా చూసే యోగం పట్టలేదు. ఒకసారి మబ్బు, ఒకసారి పరీక్షల డ్యూటీ, ఇంకోసారి జ్వరం. ఈసారి గ్రహణం సాయంత్రం ఐదుంపావుకు మొదలవుతుంది. ఆరు దాటగానే సూర్యుడు కొరికిన బిస్కెట్టులా ఉండగానే అస్తమిస్తాడు. వాళ్ళ రెండో అంతస్తు బాల్కనీకి ఎదురుగా బస్సు డిపో రేకుల కప్పు తప్ప అడ్డమేమీ లేదు. పగలు ఇంట్లో ఎవరూ ఉండరు కనుక, గ్రహణం చూసే అట్ట కళ్ళద్దాలు రెండు జతలు ఆవిడ భర్త ఆఫీసుకు తెప్పించింది. అవి నిన్ననే వచ్చాయి. ఆయన వాటిని బల్ల సొరుగులో మరిచిపోయి వచ్చాడు.

"మన బాల్కనీలోంచి మళ్ళీ గ్రహణం కనబడేది ఇరవై తొమ్మిదేళ్ళకి," అంది ఆవిడ, ఆయన చెప్పులు వేసుకుంటుంటే. "అద్దాలు మీ దగ్గరున్నాయి. మీరు రాకపోతే నేనూ చూడలేను."

"ఐదుకి నీ ఎదురుగా ఉంటాను."

"సూపరింటెండెంటు గారికి నిజం చెప్పి అడగండి. కథలు అల్లకండి."

"నువ్వూరుకో. భార్యతో కలిసి సూర్యుణ్ణి చూడాలంటే ఆయన పర్మిషన్ ఇవ్వడు, పైనించి కిందికి ఓ చూపు చూస్తాడు."

దారి పొడవునా అబద్ధాలు ఏరుకుంటూ వెళ్ళాడు. కడుపునొప్పి కిందటి నెలే వాడేశాడు. బంధువుల్ని చంపడానికి మనసొప్పలేదు. చివరికి కళ్ళ మంట బాగుందనిపించింది. పైకి కనబడదు, ఎవరూ పట్టి చూడరు. సొరుగులోని అద్దాలు చొక్కా జేబులో పెట్టుకుని, పదకొండింటికి సూపరింటెండెంటు గదిలోకి వెళ్ళాడు.

"కళ్ళు మండుతున్నాయండీ. ఓ గంట ముందు వెళ్తాను."

సంతకం పెడుతున్న కాగితం పక్కన పడేసి సూపరింటెండెంటు లేచి నిలబడ్డాడు. కాలో చెయ్యో నొప్పంటే సరే పొమ్మనేవాడే. కాని ఆ కళ్ళు ఆఫీసు ఆస్తి.

"ఏ కన్ను?"

"రెండూ... ఎడమది కాస్త ఎక్కువండీ."

సూపరింటెండెంటు గబగబా బజారువీధి మ్యాపు పరిచాడు. "ఈ వాల్వు నంబరెంతో చదవండి."

అది ఎనిమిది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. చెబితే పర్మిషన్ పోతుంది. కళ్ళు చికిలించి, "మూడులా ఉందండీ," అన్నాడు.

సూపరింటెండెంటు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "పొద్దున తవ్వకాలకి మ్యాపుల మీద గుర్తులు పెట్టింది మీరేగా?"

"నేనే. అప్పుడు కళ్ళు బాగానే..."

"ఎప్పట్నుంచి బాగాలేవో మీకేం తెలుస్తుంది?"

ఉన్న పళంగా ఫోన్లు వెళ్ళాయి. ఊళ్ళో తవ్వకాలన్నీ ఆగిపోయాయి. ఎవరి గునపం ఏ పైపులో దిగబోతోందో తెలియదు కనుక, ఎందుకైనా మంచిదని పెద్ద వాల్వు కూడా కట్టేయించాడు. ఒంటిగంటకు బడి నుంచి భార్య ఫోను చేసింది.

"ఇక్కడ నీళ్ళు రావడం లేదు. పైపేమైనా పగిలిందా?"

"పైపు కాదు, నా కన్ను."

"మీ కంటికేమైంది?"

"ఏం కాలేదు."

"ఏం కాకపోతే నీళ్ళెందుకు రావడం లేదు?"

మ్యాపులాయన ఫోను పెట్టేశాడు. ఇక దాచి లాభం లేదని, నిజం చెప్పేద్దామని సూపరింటెండెంటు గది తలుపు దాకా వెళ్ళాడు. లోపల ఆయన పై అధికారితో ఫోనులో మాట్లాడుతున్నాడు. "ఆయన కళ్ళే పోతే మా ఆఫీసు గుడ్డిదైపోతుంది సార్. అలాంటి మనిషి మళ్ళీ దొరకడు." ముప్పై ఏళ్ళలో తన గురించి అలాంటి మాట వినడం మ్యాపులాయనకు అదే మొదలు. ఆ మాటను చెడగొట్టుకోవాలనిపించలేదు. వెనక్కి వచ్చి కూర్చున్నాడు.

మూడింటికి సూపరింటెండెంటే వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. "పదండి. మా బావమరిది కళ్ళ డాక్టరు."

డాక్టరు లైటు వేసి చూశాడు, అక్షరాల పలక చదివించాడు. ఏ లోపమూ దొరకలేదు. సరే పొమ్మనబోతూ, చొక్కా జేబులోంచి తొంగిచూస్తున్న అట్ట కళ్ళద్దాలు చూసి ఆగిపోయాడు.

"గ్రహణానికా? ముందుగా సూర్యుణ్ణి చూసి ప్రాక్టీసు చేశారా?"

"లేదండీ."

"చూసినవాళ్ళంతా లేదనే అంటారు. కంటి లోపలి పొర చూడాలి. చుక్కలు వేస్తాను. ఆరు గంటలపాటు అంతా మసకగా ఉంటుంది, వెలుతురు వైపు చూడకూడదు."

మ్యాపులాయనకు పై ప్రాణాలు పైనే పోయాయి. "నా కళ్ళకేం లేదు డాక్టరు గారూ. పర్మిషన్ కోసం అబద్ధం చెప్పాను. అది ఎనిమిది. ఎనిమిదో నంబరు వాల్వు."

"చుక్కలంటే భయపడి అందరూ ఏదో ఒకటి చెబుతారు బావా," అన్నాడు డాక్టరు.

సూపరింటెండెంటు ఎంతో ప్రేమగా ఆయన తల పట్టుకున్నాడు. చుక్కలు పడ్డాయి. ఇంకో గంట పోయాక డాక్టరు, కళ్ళు బంగారంలా ఉన్నాయని చెప్పి, నల్ల కళ్ళజోడు పెట్టి పంపించాడు.

జీపులో కూర్చున్న మ్యాపులాయనకు ఊరంతా వానలో తడిసిన మ్యాపులా కనబడింది. "ఇప్పుడు ఆఫీసుకాండీ?" అన్నాడు నీరసంగా.

"ఆఫీసులో ఎవరున్నారు? గ్రహణం కదా, నాలుగున్నరకే అందర్నీ వదిలేయమన్నాను. పొద్దున మీరు వచ్చినప్పుడు నేను సంతకం పెడుతున్నది ఆ ఆర్డరు మీదే. నాకూ చిన్నప్పట్నుంచీ ఇదంటే పిచ్చి."

మ్యాపులాయన ఏడ్చాడు. మందు మంటేమోననుకుని సూపరింటెండెంటు రుమాలు ఇచ్చాడు.

ఇల్లు చేరేసరికి ఐదున్నర. మెట్ల మీద ఆయన్ని చెయ్యి పట్టి ఎక్కించి, సూపరింటెండెంటు జరిగిందంతా ఆవిడకు పూసగుచ్చినట్టు చెప్పాడు. ఆవిడ అంతా విని, భర్త ముఖం వైపు ఒకసారి చూసి, జేబులోంచి అద్దాలు తీసుకుంది.

"ఈ హడావుడిలో నేను అద్దాలు కొనుక్కోవడమే మరిచిపోయాను," అన్నాడు సూపరింటెండెంటు.

"రెండో జత మీరు తీసుకోండి సార్. ఆయనకి పనికిరావుగా."

మ్యాపులాయన కుర్చీని ముందు గదిలో గోడ వైపు తిప్పారు. వెనక బాల్కనీలోంచి మాటలు వినిపిస్తున్నాయి. "చూశారా సార్, కింది నుంచి కొరుక్కుంటూ వస్తోంది." "అబ్బ, ఎంత నున్నగా తెగిందండీ." ఆవిడ గొంతులో అంత సంతోషం విని ఎన్నేళ్ళయిందో. అది పక్కన నిలబడి వినాలనే ఆయన కోరుకున్నాడు. నేల కింద ఉన్నదంతా చూసిన కళ్ళకు ఆకాశంలో ఉన్న ఒక్కటీ దక్కలేదు. మసక గోడను చూస్తుంటే తన బతుకు మీద తనకే అసహ్యం వేసింది.

ఆరవుతుండగా ఆవిడ లోపలికి వచ్చింది. పక్కన కూర్చుని ఆయన అరచెయ్యి తెరిచి, వేలితో ఒక వంపు గీసింది.

"ఇప్పుడు ఇలా ఉంది."

ఆయన గుప్పిట మూశాడు. "నువ్వెళ్ళి చూడు. అయిపోతుంది."

"ఇరవై ఆరేళ్ళు గీశాను. ఇంకొక్కసారి గీస్తే ఏం పోతుంది? నిజం చెప్పి అడగమన్నానా, లేదా?"

"అన్నావు."

"వచ్చేదానికైనా గుర్తుపెట్టుకోండి," అని మళ్ళీ బాల్కనీలోకి వెళ్ళింది.

సూర్యుడు డిపో కప్పు వెనక్కి దిగిపోయాక సూపరింటెండెంటు తృప్తిగా లోపలికి వచ్చాడు. పెద్ద వాల్వు తిప్పమని ఫోను చేసి, "మూడు రోజులు సెలవు తీసుకోండి. మీరు అడక్కుండానే ఇస్తున్నాను," అని వెళ్ళిపోయాడు.

మర్నాడు సాయంత్రం ఐదుకల్లా మ్యాపులాయన అట్ట కళ్ళద్దాలు పెట్టుకుని బాల్కనీలో కూర్చున్నాడు. సూర్యుడు ఏ లోటూ లేకుండా, నిండుగా అస్తమించాడు.