అక్కయ్య ఒంటరి సఫారీ: భద్రతా సంఘం నివేదిక

మా అక్కయ్య ఐదు రోజులు ఒంటరిగా అడవికి వెళ్లి, పులులనూ ఏనుగులనూ చూసి, ఒంటిమీద గీత పడకుండా తిరిగివచ్చిందని తెలియజేయడానికి మా కుటుంబ భద్రతా సంఘం సంతోషిస్తోంది. ఈ విజయం వెనక సంఘం పడిన శ్రమ అంతా ఇంతా కాదు. అందులో అక్కయ్య పాత్ర కూడా కొంత ఉందని కార్యదర్శి హోదాలో నేను ఒప్పుకుంటున్నాను.

అక్కయ్య లిఫ్టుల ఇన్‌స్పెక్టరు. పద్దెనిమిదేళ్లుగా నగరంలో ఏ లిఫ్టు ఎక్కవచ్చో, ఏది ఎక్కకూడదో ఆమే తేలుస్తోంది. తాళ్లు చూస్తుంది, బ్రేకులు చూస్తుంది. లోపం కనబడితే సంచిలోంచి ఎర్ర అట్ట తీసి, దాని మీద లోపమేమిటో, బాధ్యులెవరో రాసి, సంతకం చేసి తలుపుకు వేలాడదీస్తుంది. "మరమ్మతు పూర్తయ్యేవరకు వాడరాదు" అని పైన అచ్చు వేసి ఉంటుంది. ఇక భవనం యజమాని కాళ్లావేళ్లా పడినా ఆ అట్ట దిగదు. ఆమె సంతకాన్ని నమ్మి వేలమంది కళ్లు మూసుకుని పన్నెండో అంతస్తుకు పోతుంటారు. అటువంటి మనిషి ఒంటరిగా ప్రయాణం చేయగలదా అన్న అనుమానం మాకు రావడం సహజమే కదా.

"పద్దెనిమిదేళ్లు పైకీ కిందకీ చూశాన్రా," అంది నాతో, సెలవు చీటీ రాసిన రోజున. "ఒక్కసారి గోడ అడ్డం లేకుండా దూరంగా చూడాలి. పక్కన ఎవరూ మాట్లాడకూడదు."

ఆ మాట అన్నప్పుడు అక్కయ్య ముఖం చిన్నపిల్ల ముఖంలా ఉంది. నాకు ముచ్చటేసింది. వెంటనే వెళ్లి పెదనాన్నకు చెప్పేశాను.

పెదనాన్న ముప్పై ఏళ్లు బ్యాంకులో లాకర్ల గది చూసుకున్న మనిషి. విలువైన వస్తువును ఎలా కాపాడాలో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. లోపల పెట్టి తాళం వేయాలి. ఆ సాయంత్రమే మా హాల్లో ఆయన అధ్యక్షతన సంఘం ఏర్పడింది. మేనత్త ఉపాధ్యక్షురాలు, అక్కయ్య భర్త అయిన మా బావ సభ్యుడు. అక్కయ్య పేరు కూడా పరిశీలించాం గానీ, విషయంతో సొంత సంబంధం ఉన్నవాళ్లు నిష్పక్షపాతంగా ఉండలేరని పక్కన పెట్టాం.

"స్త్రీ స్వేచ్ఛకు నేను ఏనాడూ అడ్డు చెప్పలేదు," అని పెదనాన్న అధ్యక్షోపన్యాసం మొదలుపెట్టారు. "ఆడపిల్ల ఒంటరిగా ప్రపంచమంతా తిరగాలి. ఎవరో ఒకరు తోడుంటే చాలు."

అందరం చప్పట్లు కొట్టాం. ఆడపిల్లకు అప్పటికి నలభై మూడేళ్లు.

బావ లేచి, "అందరూ ఒప్పుకుంటే నాకేం అభ్యంతరం లేదండీ," అని ధైర్యంగా చెప్పాడు. వాషింగ్ మెషీన్‌కు ఏ బటన్ నొక్కాలో రాసిపెట్టి వెళ్లాలన్న ఒక్క సవరణ మాత్రం ప్రతిపాదించాడు.

తర్వాత సంఘం చురుగ్గా పనిచేసింది. అక్కయ్య మెడలో వేసుకోవడానికి ఒక విజిల్ మంజూరు చేశాం. అది ఊదితే జంతువులు బెదిరిపోతాయని ఎక్కడో చదివి, విజిల్ ఉండాలి గానీ ఊదకూడదని షరతు పెట్టాం. ఎవరు అడిగినా "మావారు వెనక బండిలో వస్తున్నారు" అని చెప్పాలన్నాం. హాల్లో సోఫాను జీపు చేసి అభ్యాసం కూడా నిర్వహించాం. పులిగా నియమితులైన పెదనాన్న తివాచీ మీద పొంచి ఉండి, అలాగే నిద్రపోయారు. పులులు పగలంతా చేసేది అదేనట. అక్కయ్య ఒక్కతే నవ్వింది.

చివరికి సఫారీ గైడుకు ఫోన్ చేశాం. ఆడగొంతు పలికింది.

"అమ్మా, గైడుగారిని పిలువు," అన్నారు పెదనాన్న.

"నేనేనండీ. పద్నాలుగేళ్లుగా బండి నేనే నడుపుతున్నాను."

"మగవాళ్లెవరూ లేరా?"

"ఉన్నారండీ. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతున్నారు. పిలవమంటారా?"

పెదనాన్న వద్దన్నారు. ఆవిడే చెప్పుకొచ్చింది. బండి దిగకూడదు, లేచి నిలబడకూడదు, కేకలు వేయకూడదు. ఈ మూడూ పాటిస్తే జంతువులు మన జోలికి రావు. గుడారానికి లోపలి నుంచి గడియ ఉంటుంది, రాత్రి ఇద్దరు కాపలా ఉంటారు. చెప్పకుండా ఎవరూ తలుపు తట్టరు.

సమాధానాలు మరీ ఇంత సరిగ్గా ఉండటం మాకు అనుమానం కలిగించింది. మర్నాడు తెల్లవారి మళ్లీ చర్చిద్దామనుకున్నాం. తెల్లవారేసరికి అక్కయ్య సంచి సర్దుకుని గుమ్మంలో ఉంది. "నేను వెళ్తున్నాను. మీరు సమావేశాలు కానివ్వండి," అంది. ఆమె బస్సెక్కిన మూడు గంటలకు సంఘం ఏకగ్రీవంగా అనుమతి మంజూరు చేసింది.

మూడో రోజున ఒక ఫోటో వచ్చింది. కనుచూపుమేరా గడ్డి, దూరంగా ఏనుగుల వరస. కింద ఒకే వాక్యం: "ఇక్కడ నన్నెవరూ ఏమీ అడగడం లేదు." ఫోటో ఎవరు తీశారన్న విషయమై సంఘం అత్యవసరంగా సమావేశమైంది.

ఐదో రోజు సాయంత్రం ఏడింటికి బస్సు వస్తుంది. బస్టాపు నుంచి మా ఇంటికి ఆరు నిమిషాల నడక. సంఘం అసలు సత్తా చూపించింది ఇక్కడే. నలుగురం బయలుదేరాం. పెదనాన్న చేతిలో కర్ర, బావ చేతిలో టార్చి, మేనత్త నోట్లో దేవుడి పేరు. నేను మినిట్స్ పుస్తకం పట్టుకున్నాను.

అక్కయ్య దిగింది. ఎండకు కమిలి, హాయిగా ఉంది. మమ్మల్ని చూసి ఆగింది.

"ఏనుగుల మధ్యకు ఒక్కదాన్నే వెళ్లొచ్చాను. ఇక్కడికి నలుగురెందుకు వచ్చారు?"

"అది అడవి తల్లీ," అన్నారు పెదనాన్న. "ఇది మన వీధి. మన వీధి సంగతి మనకు తెలియదూ?"

అక్కయ్య వీధి మొదట్లో సంచి దింపింది. లిఫ్టును చూసినట్టే పైనుంచి కిందకి చూసింది. రెండేళ్లుగా వెలగని దీపాలు, మూల మీద టీ కొట్టు, అక్కడి బల్లల మీద పెద్దమనుషుల గుంపు. సంచిలోంచి ఎర్ర అట్ట తీసి, లోపాలు రాసి, సంతకం చేసి దీపస్తంభానికి కట్టింది. "బాధ్యులు" అన్న గడి మాత్రం ఖాళీగా వదిలి కలం నా చేతికిచ్చింది.

"కార్యదర్శివి కదా. ఇది నువ్వు నింపు," అని ముందు నడిచింది.

మర్నాడు వీధిలో మగవాళ్లంతా ఆ అట్ట ఏమిటని నన్నే నిలదీశారు. ఆడవాళ్లలో ఒక్కరూ అడగలేదు. చీకటి పడ్డాక ఈ వీధి వాడకూడదని వాళ్లకు అట్ట లేకుండానే ఎప్పటినుంచో తెలుసట.

సాయంత్రం రోజూ లాగే టీ కొట్టు దగ్గర నా చోట్లో కూర్చున్నాను. ఆ గడిలో ఎవరి పేరు రాయాలా అని మా వాళ్లందరం కలిసి చాలాసేపు తీవ్రంగా ఆలోచించాం. మేం ఆలోచించినంతసేపూ ఆ దారిన ఒక్క ఆడమనిషి నడవలేదు.