విండ్సర్‌లో అర శాతం

కెనడాలోని విండ్సర్ నగర చరిత్రలో సువర్ణాక్షరాలతో రాయదగిన ఆ శుక్రవారం ఉదయం, కార్మిక మంత్రి క్లిఫర్డ్ హాసెట్ గారు కమ్యూనిటీ హాల్లో మైకు అందుకుని, "ఈ నెల మన నగరంలో నిరుద్యోగం అర శాతం తగ్గింది!" అని ప్రకటించారు. టొరంటో, కాల్గరీ కూడా మన వెనకే ఉన్నాయన్నారు. పార్టీవాళ్లు చప్పట్లు కొట్టారు. చివరి వరసలో ఉచిత కాఫీ తాగుతున్న నోయెల్లా డ్రుయార్ కూడా మర్యాదకి కొట్టింది.

నోయెల్లా ఇరవై ఏళ్లు కార్ల సీట్లు కుట్టింది. చలికాలంలో ఫ్యాక్టరీ మూతపడింది. కనపడిన గుమ్మమల్లా ఎక్కి దిగి, "ఫోన్ చేస్తాం లెండి" అన్న మాట వినీ వినీ, కిందటి నెల విసుగెత్తి వెతకడం మానేసింది. మంత్రిగారి మాటలకి ఇన్నాళ్లకి ఆవిడ మనసులో ఆశ పుట్టింది. లేచి నిలబడింది.

"అయితే ఉద్యోగాలొచ్చాయన్నమాట! సోమవారం నుంచి నేనూ మళ్లీ వెతుక్కుంటానండీ."

"నేనూ!" అన్నారెవరో.

"మా ఆయన్ని కూడా సోఫాలోంచి లేపుతా," అంది ఇంకొకావిడ.

హాలంతా చేతులు లేచాయి. తన ప్రసంగ మహిమకి మంత్రిగారు పొంగిపోయారు. ఆయన కార్యదర్శి బ్రెంట్ మొహం మాత్రం పాలిపోయింది. సభ ముగియగానే అతను నోయెల్లాని పక్కకి పిలిచాడు.

"అమ్మా, బతిమాలుకుంటున్నా. దయచేసి ఉద్యోగం వెతక్కండి."

"అదేం చోద్యం?"

"వెతికినా దొరకనివాళ్లే నిరుద్యోగులు. మీరు వెతకడం మానేశారు, లెక్కలోంచి పోయారు. ఆ అర శాతం మీలాంటి వాళ్ల చలవే. ఇప్పుడందరూ మళ్లీ బయల్దేరితే వచ్చే నెల మా కొంప మునుగుతుంది."

"మరి నా కొంప మాటేమిటి నాయనా?"

బ్రెంట్ సామాన్యుడు కాడు. తర్వాతి నెల నిరుద్యోగుల లెక్క తీసే సర్వే వారంలో, ఆవేళ చేతులెత్తిన వాళ్లందరికీ ఉద్యోగాలొచ్చాయి. నోయెల్లా చొక్కా ఇస్త్రీ చేసుకుని, మధ్యాహ్నానికి సాండ్‌విచ్ కట్టుకుని, అందరికంటే ముందే హాలుకి చేరింది. పని, హాల్లో కుర్చీలు తూర్పు గోడ నుంచి పడమటి గోడకి మార్చడం. ఇరవై ఏళ్ల అలవాటు కొద్దీ ఆవిడ వరస ఏమాత్రం వంకర పోకుండా సర్దింది. గంట గడవగానే బ్రెంట్ అందరి చేతిలో తలా ఒక జీతం కవరు పెట్టాడు.

"రేపెన్నింటికి రమ్మంటారు?" అంది నోయెల్లా.

"రేపెందుకమ్మా? సర్వే వారంలో గంట చేసినా ఉద్యోగస్తుల కిందే లెక్క."

ఆవిడ ఇంకేదో అనబోయింది. అంతలో కెమెరాలతో మంత్రిగారు దయచేశారు. సూటిగా వచ్చి ఆవిడ భుజం మీద చెయ్యేశారు.

"చెప్పమ్మా, ఎలా ఉంది ఉద్యోగం?"

"అయిపోయిందండీ."

మంత్రిగారు సంతోషం పట్టలేక విలేకరుల వైపు తిరిగారు.

"విన్నారుగా! మా వాళ్ల పనితనం అలాంటిది."