లుడివిన్‌ను పైకి తెచ్చింది మేమే!

పాట వినకపోవడమే పాడేవాళ్లకు చేయగల మహోపకారం! నవ్వకండి. లీజ్ నగరం పక్కన ఈ చిన్న బెల్జియం ఊళ్లో, ఫుట్‌బాల్ క్లబ్ విందుల్లో పాతికేళ్లుగా మైకు పట్టుకున్న అనుభవంతో చెబుతున్నాను.

ఇవాళ పారిస్ నెత్తిన పెట్టుకున్న లుడివిన్ హాంకే మా పిల్లే. పదహారో ఏట మా స్పగెట్టి విందులోనే తొలిసారి పాడింది. సొంత పాట. ఉక్కు ఫ్యాక్టరీ మూతపడి వాళ్ల నాన్న గిస్లేన్ ఇంట్లో కూర్చున్న ఏడాది గురించి. మూడు చరణాలు. మేం విన్నామా? ఛ ఛ! రెండో చరణం మధ్యలో నేనే మైకు లాక్కుని, "రెండు వందల పదమూడో నంబరు! లాటరీలో పంది తొడ ఎవరికండీ?" అని అరిచాను. హాలు దద్దరిల్లింది. పంది తొడకే లెండి.

ఏడేళ్లు ఇదే శిక్షణ! మా కబుర్లను దాటి వినిపించాలనే కదా ఆమె గొంతు అంత పెరిగింది? క్లబ్ అధ్యక్షురాలు మార్తీన్ కూడా ప్రోత్సహించింది.

"బానే ఉందమ్మాయ్. కానీ జనం తింటున్నారు కదా, కాస్త మెల్లిగా పాడు."

పిల్ల పారిస్ వెళ్లిపోయింది. అక్కడ టీవీ పోటీలో ఆ పాట ఆసాంతం విని న్యాయనిర్ణేతలు కళ్లు తుడుచుకున్నారు. మర్నాడు పత్రికలన్నీ "ఫ్రెంచ్ గాయని" అన్నాయి. మాకు ఒళ్లు మండింది. ఆమె మా ఊరిదని అప్పుడే గుర్తొచ్చింది మరి! ఆ తర్వాత ఫైనల్ జరిగినంతసేపూ క్లబ్బులో పెద్ద తెర ముందు "మన పిల్లే! మన పిల్లే!" అని కేకలు వేశాం. పాట ఒక్క ముక్క వినబడితే ఒట్టు. ఆల్బం కూడా తలా ఒకటి కొన్నాం. రేపరు విప్పితే విలువ పోతుందని షోకేసులో పెట్టాం.

పోయిన నెల మేయర్ సన్మానానికి పిలిస్తే వచ్చింది.

"ఒక్కటే షరతు," అంది. "ఆ పాత పాట మూడో చరణం అయ్యేదాకా ఎవరూ ఆపొద్దు. అది ఈ ఊళ్లో పాడాలనే వచ్చాను."

మేయర్ మాటిచ్చాడు. రెండు చరణాలు నిజంగానే నిశ్శబ్దంగా విన్నాం. ఇంతలో పత్రిక ఫొటోగ్రాఫర్ గడియారం చూసుకున్నాడు. మేయర్ జ్ఞాపిక పట్టుకుని వేదిక ఎక్కాడు. నేను మైకు అందుకున్నాను. అలవాటు! "మన ఊరి ముద్దుబిడ్డ..." బ్యాండు మోగింది. లుడివిన్ ఫొటోకు నిలబడి, నేరుగా వెళ్లి కారెక్కింది.

మర్నాడు బేకరీ దగ్గర గిస్లేన్ ఎదురుపడ్డాడు.

"పోన్లే గిస్లేన్, నీ గురించి రాసిన ఆ మూడో చరణం నువ్వు ఇంట్లో వినే ఉంటావుగా," అన్నాను.

"నా గురించి కాదయ్యా ఫెర్నాన్. ఫ్యాక్టరీ మూసిన చలికాలం మా ఇంటికి సూపూ రొట్టే మోసుకొచ్చారు చూడు, మీ గురించి. నీ పేరుతోనే మొదలవుతుంది."

సిగ్గుతో తల ఎత్తలేకపోయాను. అయినా పాఠకులారా, తమను పొగిడే పాటనైనా సరే చివరిదాకా విననివ్వనంత నిష్పక్షపాతం ఇంకే ఊళ్లో ఉందో చెప్పండి!