ఏది నొక్కినా ఏమీ కాదు

ఆ రోజు పొద్దున్నే లేచి, ఇంట గెలిచి రచ్చ గెలవాలని నిశ్చయించుకున్నాడు చాదస్తం. అది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, ఆఫీసువాళ్ళు పెట్టింది. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

పదకొండేళ్ళు కష్టపడి అతనొక లోకం కట్టాడు. కంప్యూటర్లో ప్రోగ్రాములు రాసుకునే లోకమది. తెరమీద కనిపించే ఏ వస్తువునైనా, అది నడుస్తుండగానే మూత తీసి మార్చుకోవచ్చు. మార్చింది మార్చినట్టే ఉండిపోతుంది. గొప్ప సంగతే, ఎవరు కాదన్నారు? కానీ తెరవగానే నల్లటి తెర, మూలనొక గడియారం, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే నాథుడు లేడు. ఆఫీసులో నలుగురు ప్రయత్నించారు. ముగ్గురు ఆ నల్లతెర దాటలేదు, నాలుగోవాడు ఉద్యోగమే మానేశాడు.

దాంతో డైరెక్టరమ్మ తెగేసి చెప్పింది. "శుక్రవారం నాలుగింటికి ఏమీ తెలియని మనిషిని ఒకర్ని కూర్చోబెడతాను. పావుగంటలో తనంతట తానే ఏదో ఒకటి చేసి చూపించాలి. మీరు నోరెత్తకూడదు. కాలేదా, మీ లోకం అటకెక్కుతుంది, మీరు ఫిర్యాదుల ఫోన్ల దగ్గర కూర్చుంటారు."

ఆ శుక్రవారం ఇదే. ఇంట్లో ఏమీ తెలియనివాళ్ళు ఇద్దరున్నారు గనక, ముందు వాళ్ళమీద ప్రయోగించి, వాళ్ళు తడబడినచోట సరిచేసుకుని ఆఫీసుకు పట్టుకెళ్ళాలని అతని ఎత్తు. మొదట మామగారిని కూర్చోబెట్టాడు. ఆయన నలభయ్యేళ్ళు గడియారాలు బాగుచేసి ఈమధ్యే కొట్టు మూసిన మనిషి.

"ముట్టుకుంటే ఏమన్నా పాడవుతుందేమో అల్లుడూ?"

"ఏది నొక్కినా ఏమీ కాదు మామయ్యగారూ. మీ ఇష్టమొచ్చినట్టు చూడండి," అని స్నానానికి వెళ్ళాడు.

వెళ్ళకూడదు. గడియారాలాయన్ని గడియారమున్నచోట ఒంటరిగా వదిలి ఏ బుద్ధున్న అల్లుడూ స్నానానికి వెళ్ళడు. అతను తల తుడుచుకుంటూ వచ్చేసరికి మామగారు వెలిగిపోతున్నారు.

"మూలనున్న గడియారం నాలుగు సెకన్లు వెనకుందయ్యా. మూత తీసి చూస్తే లోపల సగం సామాను అనవసరం. పీకేశాను. ఇప్పుడు చూడు, ఎంత హాయిగా తిరుగుతోందో!"

చాదస్తం తువ్వాలు పక్కన పడేసి తానే నొక్కి చూశాడు. ఆ లోకంలో సమస్తమూ ఆ గడియారాన్ని పట్టుకునే కదులుతుంది. రెండుసార్లు నొక్కితే తెరుచుకోవలసిన కిటికీలు ఇప్పుడు ఒక్కసారికే తెరుచుకుని, రెండోసారికి మూసుకుపోతున్నాయి.

"నువ్వు కాస్త ఇక్కడ కూర్చోవోయ్, మీ నాన్నని దేన్నీ ముట్టుకోనివ్వకు," అని భార్యను కాపలా పెట్టి, బట్టలు మార్చుకోవడానికి వెళ్ళాడు. ఆమె గ్రంథాలయంలో పనిచేస్తుంది. ఇంట్లో చీటీ అంటించని డబ్బా లేదు. ఆమె తండ్రిని ముట్టుకోనివ్వలేదు, అది నిజం.

"మీరు పెట్టిన పేర్లు మనుషులు పలికేవి కావండీ," అందామె, అతను చొక్కా గుండీలు పెట్టుకుంటూ రాగానే. "అన్నిటికీ కొత్త చీటీలు అంటించాను. ఇదిగో, ఇది 'ఇక్కణ్ణించి మొదలెట్టండి'. ఇది 'లోపల చూడండి'. ఇది 'బాగుంటే ఉంచండి', ఇది 'వద్దంటే పారేయండి'. ఆ నలుపు దిగులుగా ఉందని లేతపసుపు వేశాను."

"పోనీలే," అన్నాడు అతను, కుర్చీ పట్టుకుని. "నిన్నటి నకలు తీసి పెట్టుకుంటాను."

"నకలంటే, ఒకేలాంటివి వందలకొద్దీ పేరుకుపోయున్నాయి, అవా? ఒకే పుస్తకానికి అన్ని ప్రతులెందుకని పారేశాను. ఎంత చోటు ఖాళీ అయిందో!"

నకళ్ళన్నీ ఆ లోకంలోపలే దాచుకున్నాడు. బయట ఎవర్నీ నమ్మడు, చాదస్తం కదా. అతను నేలమీద చతికిలబడ్డాడు. ఏడుపొచ్చింది. పదకొండేళ్ళండీ, పసిపిల్ల అయితే ఈపాటికి ఆరో తరగతి చదివేది.

"ఏది నొక్కినా ఏమీ కాదన్నారుగా?" అంది భార్య, నిజంగానే కంగారుపడి.

అన్నాడు. ఎవర్ననాలి?

ఆఫీసుకెళ్ళి తలుపేసుకుని సరిచేయబోయాడు. అలవాటుపడ్డ వేలు రెండుసార్లు నొక్కుతుంది, తెరుచుకున్న కిటికీ మూసుకుంటుంది. ఒకటి సరిచేస్తే రెండు చెడ్డాయి. అన్నం డబ్బా మూత కూడా తీయలేదు. మూడున్నరయ్యేసరికి తాను కట్టిన లోకంలో తనకే ఏది ఎక్కడుందో తెలియలేదు. ఫిర్యాదుల గదిలో ఫోన్లు గోడ అవతలనించి మోగుతూనే ఉన్నాయి.

నాలుగింటికి డైరెక్టరమ్మ లిఫ్టు మెకానిక్‌ని వెంటబెట్టుకొచ్చింది. అతని చేతులకింకా గ్రీజుంది. చాదస్తం కళ్ళు మూసుకున్నాడు.

"ఇక్కణ్ణించి మొదలెట్టండి అంటోంది," అన్నాడు మెకానిక్, నొక్కుతూ. "ఓహో, మూత తీయొచ్చా! మా లిఫ్టు పెట్టె లాగానే ఉందే."

చాదస్తం కళ్ళు తెరిచేసరికి లేతపసుపు తెరమీద ఒక బుల్లి లిఫ్టు పైకీ కిందకీ తిరుగుతోంది, అంతస్తు అంతస్తుకీ ఆగుతోంది. ఆరు నిమిషాలు పట్టింది.

డైరెక్టరమ్మ చప్పట్లు కొట్టింది. "శభాష్! ఇంత తేలికని ఇన్నాళ్ళూ చెప్పరేం? ఏదీ, ఇప్పుడు మీరొకటి చేసి చూపించండి."

అతను నొక్కాడు. కిటికీ తెరుచుకుంది, మూసుకుంది. మళ్ళీ నొక్కాడు. తెరుచుకుంది, మూసుకుంది.

"ఒక్కసారే నొక్కాలి సార్," అన్నాడు మెకానిక్ జాలిగా.

"ఇంతకీ ఇలా తీర్చిదిద్దింది ఎవరు?" అంది డైరెక్టరమ్మ, అతని మొహంలోకి చూస్తూ.

అబద్ధం ఆడటం కూడా నేర్చుకోలేదు మహానుభావుడు. "మా మామగారూ, మా ఆవిడా," అన్నాడు.

లోకం అటకెక్కలేదు. అతను ఫోన్ల దగ్గరికీ పోలేదు. సోమవారం నుంచి ఆఫీసులో కొత్తవాళ్ళకు తరగతులు మొదలయ్యాయి. పాఠం చెప్పడానికి గడియారాలాయన్నీ, ఆయన కూతుర్నీ కబురంపి పిలిపించారు. నేర్చుకునేవాళ్ళ పట్టీలో మొదటి పేరు చాదస్తానిది. పక్కన అనుభవం అన్న గడిలో "లేదు" అని డైరెక్టరమ్మే స్వయంగా రాసింది.

మామగారు చివరి బల్లదాకా వచ్చి భుజం తట్టారు. "భయపడకు అల్లుడూ. ఏది నొక్కినా ఏమీ కాదు."

అల్లుడు రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.