టైలర్ తాత పన్నెండు అడుగులు

"ఇకమీదట మన ఆసుపత్రుల్లో ఏ రోగీ కింద పడడు" అని ఆరోగ్య మంత్రిగారు సోమవారం ఉదయం పదిన్నరకి ప్రకటించారు. దాంతో భూమ్యాకర్షణ శక్తి సగం నీరుగారిపోయింది. మిగతా సగం సంగతి శుక్రవారం తామే స్వయంగా వచ్చి చూస్తామన్నారు.

నరాల వార్డులో టైలర్ తాతకి పరీక్ష కూడా ఆ శుక్రవారమే. పక్షవాతం వచ్చి ఆయన ఎడమకాలు మొండికేసింది. వాకర్ పట్టుకుని మంచం నుంచి బాత్‌రూమ్ దాకా పన్నెండు అడుగులు సొంతంగా వేస్తే ఇంటికి, లేకపోతే ఇంకో నెల ఇక్కడే. ఫిజియో అమ్మాయి వాకర్‌ని ఆయన మణికట్టు ఎత్తుకి దించింది. బటన్ టిక్కుమని కూర్చుంటే ఆ పిల్లకి పండగే.

"కొలత భలే కుదిర్చావమ్మా! నా దగ్గర పనిలో చేరాల్సినదానివి" అన్నాడు తాత.

బుధవారం మంత్రిగారి పీఏ వచ్చాడు. ఇరవై వాకర్లనీ వరసలో పెట్టించి, ఒక కన్ను మూసి చూశాడు.

"ఇదేంటి, ఎగుడుదిగుడుగా? ఫొటోలో అసహ్యంగా ఉంటుంది. అన్నీ ఒకే ఎత్తు చెయ్యండి."

"మనుషులు ఒకే ఎత్తు లేరండీ" అంది ఫిజియో అమ్మాయి.

"ప్రభుత్వానికి అందరూ సమానమేనమ్మా."

"సరే, ఎవరి ఎత్తుకి చెయ్యమంటారు?"

"మంత్రిగారి ఎత్తుకి."

మంత్రిగారు ఆరడుగుల మనిషి. వాకర్ పిడి టైలర్ తాత రొమ్ముకి తగిలింది.

"వీటితో ఎలా నడుస్తారండీ?"

"నడవడం ఎందుకు? నడిస్తేనేగా పడేది!"

ఆ మేధస్సుకి సూపరింటెండెంట్‌గారు పరవశించి, ఎవరూ మంచం దిగరాదని అక్కడికక్కడే సర్క్యులర్ వేశారు. గోడకి బోర్డు వెలిసింది. "పడినవారు: సున్నా."

శుక్రవారం ఉపన్యాసం మొదలుకాగానే ఫిజియో అమ్మాయి వెనక వరసలోంచి ఒక వాకర్ లాగింది. టిక్, టిక్, టిక్, టిక్. నాలుగు రంధ్రాలు కిందికి. తాత లేచాడు.

"ఒకటి..." తాత భార్య మామ్మ పక్కనే నిలబడి వేళ్లు మడుస్తోంది. "పదకొండు... పన్నెండు! చూశావటే అమ్మాయ్!"

కెమెరాలన్నీ అటు తిరిగాయి. మంత్రిగారు ఒక్క అంగలో బాత్‌రూమ్ గుమ్మం చేరారు. "ఇది మా పథకం వాకరే!" అంటూ లాక్కున్నారు. ఫిజియో అమ్మాయి తాతని పొదివి పట్టుకుంది. మంత్రిగారు ఫొటో కోసం వాకర్ మీదికి వాలారు. చూపు కెమెరాల మీద, చేతులు తన ఎత్తులో. పిడులు మాత్రం తాత ఎత్తులో ఉన్నాయి.

ధబ్బుమంది.

"మంత్రిగారు నేల నాణ్యతని దగ్గరగా పరిశీలించారు" అని సూపరింటెండెంట్‌గారు రిజిస్టర్లో రాశారు.

"తాత పన్నెండు అడుగులు కూడా రాయండి సార్, ఇంటికి పంపాలి" అంది ఫిజియో అమ్మాయి.

"ఏ అడుగులమ్మా? ఆయన నడిస్తేగా మంత్రిగారు ఆ వాకర్ పట్టుకునేది! ఆయన నడవలేదు, కాబట్టి మంత్రిగారు పడలేదు."

శనివారం తాత ఇంకా అదే మంచం మీద ఉన్నాడు. పక్క మంచం మీద, తుంటికి కట్టుతో మంత్రిగారు.

"పెద్దాయనా," మంత్రిగారు గొంతు తగ్గించారు. "బాత్‌రూమ్ ఎంత దూరం?"

"పన్నెండు అడుగులండీ. వాకర్లన్నీ తమరి కొలతకే ఉన్నాయి" అన్నాడు తాత. "కానీ మంచం దిగకూడదు. సర్క్యులర్."